అప్‌డేట్: నాన్న పొద్దుటి బీపీ, లోసార్టాన్ మార్చాక

నాన్నకి పొద్దున బీపీ మాత్ర లోసార్టాన్ 50 వేస్తే సాయంత్రం దాకా బాగుండి, మర్నాడు మాత్రకి ముందు బీపీ 160/95 దాకా పోతోందని, రోజంతా పనిచేసే మందు ఏదని అప్పట్లో అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.

డాక్టర్ గారు ముందు 24 గంటల బీపీ మిషన్ పెట్టించారు. చేతికి పట్టీ, అది రాత్రంతా మాటిమాటికీ బిగుసుకుంటుంటే నాన్నకి సరిగా నిద్రే పట్టలేదు. కానీ అసలు సంగతి అందులోనే తేలింది: తెల్లవారుజాము నుంచే బీపీ పెరుగుతోంది. లోసార్టాన్ ఒంట్లో మారి పనిచేసే రూపం 6 నుంచి 9 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. టెల్మిసార్టాన్‌కి దాదాపు 24 గంటలు, ఆమ్లోడిపిన్‌కి 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఆమ్లోడిపిన్‌తో నాన్నకి ఇదివరకు పాదాలు వాచాయి, అందుకే టెల్మిసార్టాన్ 40 రాశారు.

ఇది ఐదో వారం. పొద్దున మాత్రకి ముందు 134/84, 130/82 అలా వస్తోంది. ఈ రకం మందులకి రక్తపరీక్షలో చూడాల్సిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం కూడా బాగున్నాయి. చాలా టెన్షన్ తగ్గింది.

మీ ఇంట్లోనూ ఇలా ఉంటే మాత్ర వేసే ముందే బీపీ చూసి రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి. మేము రెండేళ్లు మాత్ర వేశాకే చూశాం.