ఆదికాండాన్నీ రాతి పొరల్నీ ఎట్లా పొసగించారు?

పెన్నగట్టు (కడప):
డిగ్రీ పిల్లల సెమినార్ కోసం అడుగుతున్నా. 1600ల్లో యూరప్‌లో రాళ్ల మీద పనిచేసినోళ్లంతా బైబిల్ నమ్మినోళ్లే కదా. రాళ్లల్లో కనిపించేదాన్ని ఆదికాండం (బైబిల్ మొదటి పుస్తకం) చెప్పే నోవహు ప్రళయంతో, అంటే లోకమంతా నీట మునిగిన కథతో, ఎట్లా కలిపారు? "చర్చికి భయపడి సర్దుకున్నారు" అంటే సరిపోతుందా? మన పక్క చూపించదగ్గ రాయి ఉంటే చెప్పండి.

నాపరాయి (బేతంచెర్ల):
సరిపోదు సార్. స్టెనోతో మొదలుపెట్టండి. డెన్మార్క్ వైద్యుడు. 1666లో లివోర్నో దగ్గర పట్టిన సొరచేప తలను ఫ్లోరెన్స్‌లో కోసి, మాల్టాలో దొరికే "నాలుక రాళ్లు" సొర పళ్లేనని వాదించాడు. 1667లో కేథలిక్ అయ్యాడు, 1669లో పొరల పుస్తకం అచ్చేశాడు, 1677లో బిషప్ అయ్యాడు.

అతని సూత్రం: ఒక పొరలో ఇంకో పొర ముక్కలో, జీవుల అవశేషాలో ఉంటే అది సృష్టి నాటి నీళ్లల్లో పేరుకున్నది కాదు, తర్వాతది. సృష్టి నాటిది, తర్వాతది అని గీత గీసింది నమ్మకం కోసమే, కానీ రాయి చేతిలో పట్టుకుని పరీక్షించొచ్చు. టస్కనీ నేల రెండుసార్లు నీటమునిగిందని తేల్చి, మొదటిది సృష్టికి, రెండోది ప్రళయానికి ముడిపెట్టాడు. నీళ్లు కప్పాయని రాయి చెబుతుంది, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది గ్రంథం చెబుతుంది. ఇదీ అతని పంపకం.

మనకు బనగానపల్లె కాంగ్లామరేట్ (గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన రాయి) ఉంది. అందులో గులకరాళ్లు కింది పాత రాళ్లవి. అవి ముందే గట్టిపడి, పగిలి, నీళ్లల్లో దొర్లి నునుపెక్కితే తప్ప అందులో చేరవు. పిల్లలు సొర పళ్ల కోసం మాత్రం వెతకొద్దు, చేపలు పుట్టక చాలా ముందటి రాళ్లివి.

పెన్నగట్టు:
బాగుంది. అన్ని నీళ్లు యాడనుంచి వచ్చాయని ఎవరూ అడగలేదా?

గుత్తికోట (అనంతపురం):
అడిగాడు, ఇంగ్లండ్ మతపండితుడు బర్నెట్, 1681లో. 40 దినాల వాన చాలదు, కొండలు మునగాలంటే ఎనిమిది సముద్రాల నీళ్లు కావాలని లెక్కేశాడు. దేవుడు అప్పటికప్పుడు నీళ్లు పుట్టించాడంటే తేలిపోయేది, ఆయన దానికి ఒప్పుకోలేదు. భూమి పెంకు పగిలి లోపలి నీళ్లు పైకొచ్చాయన్నాడు.

1695లో ఇంకో ఇంగ్లీషాయన, వుడ్‌వర్డ్, ఇంకో దారి పట్టాడు. ప్రళయంలో రాళ్లన్నీ కరిగి, బరువును బట్టి ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయన్నాడు. దీన్ని క్లాసులోనే చేయండి. లీటరు సీసాలో మూడో వంతు దాకా గులక, ఇసుక, మట్టి వేసి, మిగతా నీళ్లు పోసి, బాగా కుదిపి రాత్రంతా కదపకుండా పెట్టండి. నల్లరేగడి వేస్తే రోజులు గడిచినా నీళ్లు తేటపడవు. చెంచా ఉప్పు కలపండి, మన్ను గుంపుకట్టి దిగుతుంది. అడుగున గులక, పైన మన్ను. ఎంత కుదిపినా వరస ఒక్కటే.

ఇప్పుడు కర్నూలు రాతి పొరల వరస అడుగు నుంచి చూడండి (క్వార్ట్‌జైట్ అంటే ఇసుక గట్టిపడిన రాయి, షేల్ అంటే మన్ను గట్టిపడిన రాయి): బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ఇసుక, సున్నం, మన్ను, మళ్లీ ఇసుక, సున్నం, మన్ను! ఒక్క ప్రళయంతో ఇది రాదు. వుడ్‌వర్డ్ చిక్కుకున్నది ఇక్కడే.

నాపరాయి:
చర్చి భయం బొత్తిగా లేదనీ అనలేం. ఫ్రాన్స్ ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ 1749లో రాసినదానికి 1751లో పారిస్ సోర్బోన్ మతపండితులు అభ్యంతరం చెబితే వెనక్కి తగ్గాడు. తర్వాత ఇనుప గుండ్లు ఎర్రగా కాల్చి, ఎంతసేపట్లో చల్లారతాయో కొలిచి, 1778లో భూమి వయసు సుమారు 75,000 ఏళ్లన్నాడు. కథను ఏడు యుగాలుగా పంచాడు, ఆదికాండం దినాలకు సరిపోయేట్టు. అచ్చులో 75,000. అచ్చువేయని చేతిరాతలో మాత్రం 30 లక్షల ఏళ్ల దాకా వెళ్లాడు.