వైరల్ జ్వరంలో పస్తుంటే ఆటోఫజీ వైరస్‌ను తినేస్తుందా?

కొత్తసభ్యుడు: ఫ్లూ వస్తే రెండు రోజులు తిండి మానెయ్యాలట, కణాలే వైరస్‌ను తినేస్తాయట. ఫోన్లలో తిరుగుతోంది. నిజమేనా?

లంఖణందాసు: నిజమే. కణం తనలోని చెత్తను సంచిలో చుట్టి, లైసోజోమ్ అనే తన అరుగుదల తిత్తిలో అరిగించుకోవడమే ఆటోఫజీ. పస్తుంటే అది పెరుగుతుంది. దీని మీద పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆటోఫజీని మొదలెట్టించే బెక్లిన్ ప్రొటీన్ ఎక్కువైతే ఎలుకలకు సిండ్‌బిస్ వైరస్ మెదడువాపు నుంచి రక్షణ దొరికిందని శాస్త్రవేత్త బెత్ లెవిన్ బృందం 1998లోనే చూపింది. హెర్పిస్ వైరస్ పనిగట్టుకుని ఆ బెక్లిన్‌నే పట్టేసి అడ్డుకుంటుంది. ఆటోఫజీ అంటే దానికి భయం లేకపోతే ఎందుకండీ?

పెట్రిడిష్: ఓసుమి పనిచేసింది ఈస్ట్ మీద. ఈస్ట్‌కి ఫ్లూ రాదు.

లంఖణందాసు: వెటకారం వద్దు. ఆ జన్యువులకు సాటివి మనలోనూ ఉన్నాయి.

పెట్రిడిష్: ఉన్నాయి, వైరస్‌లకూ ఆ సంగతి తెలుసు. పోలియో వైరస్ ఆ సంచుల పొరల్నే తన పనికి వాడుకుంటుంది. డెంగ్యూ వైరస్ ఆటోఫజీతో కణంలోని కొవ్వు కరిగించుకుని పెరుగుతుంది. ఇక ఫ్లూ వైరస్ ఎం2 ప్రొటీన్ సంచిని లైసోజోమ్‌తో కలవనివ్వదు. గేటు మూసిన చోటికి ఇంకా లారీలు పంపి ఏం లాభం?

రోగనిరోధకత కథా అంతే. డెండ్రైటిక్ కణాలనే కొన్ని రక్షణ కణాల్లో ఆటోఫజీ వైరస్ ఆర్‌ఎన్‌ఏను, వైరస్‌ను పసిగట్టే టీఎల్‌ఆర్7 ప్రొటీన్ దగ్గరికి చేర్చి, వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ పుట్టిస్తుంది. వేరే కణాల్లో అదే యంత్రాంగంలోని ఏటీజీ5, ఏటీజీ12 ప్రొటీన్ల జంట, వైరస్‌ను పసిగట్టే మరో ప్రొటీన్ రిగ్-ఐ ఇచ్చే సంకేతాన్ని అణిచేస్తుంది. రెండూ 2007లో బయటపడ్డవే.

గోడమీదపిల్లి: తినాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పండి బాబూ.

పెట్రిడిష్: తిండి నుంచి ఒంటికందేది గ్లూకోజే కదా. ఫ్లూ సోకిన ఎలుకలు ఆ గ్లూకోజ్ వాడుకోకుండా అడ్డుకుంటే చచ్చిపోయాయి. లిస్టీరియా బాక్టీరియా సోకిన ఎలుకలకు అదే మేలు చేసింది. 2016లో శాస్త్రవేత్త మెద్జితోవ్ బృందం చేసిన ప్రయోగం. ఫ్లూ ఎలుకలు చచ్చింది వైరస్ పెరిగి కాదు, ఒంటికి తట్టుకునే శక్తి లేక.

లంఖణందాసు: ఎలుకలు, ఎలుకలు! జ్వరంలో మా నాన్న వద్దు వద్దంటుంటే నోట్లో కుక్కాం. వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ తర్వాత ఎన్నాళ్లో ఉండలేదు.

పెట్రిడిష్: అయ్యో. నాదీ వినండి. మా తమ్ముడు ఇలాంటి మెసేజే చదివి మూడు రోజులు నీళ్లతో ఉన్నాడు. తిండి మానేశాడు గానీ షుగర్ మాత్ర మానలేదు. స్పృహ లేకుండా దొరికాడు.

లంఖణందాసు: ఆకలైనవాణ్ణి తినొద్దని నేనెప్పుడన్నాను? ఆకలి లేనివాడికి కుక్కొద్దంటున్నాను.

పెట్రిడిష్: ఆ మాటకు నాకు అభ్యంతరమే లేదు. కానీ మొదట్లో అడిగింది అది కాదు. కణాలు వైరస్‌ను తినేస్తాయా అంటే మీరు "నిజమే" అన్నారు.

కొత్తసభ్యుడు: అంటే ఇద్దరూ ఒకటే చెబుతున్నారా?

లంఖణందాసు: కాదు. ముందు ఆయన్ని ఈస్ట్ మాట వెనక్కి తీసుకోమనండి.