చర్చ: యాంగ్ బైలావ్ ఎందుకు తిరగబడాల్సి వచ్చింది? (చైనా 'నమూనా నాటకాలు')

శారద: నిన్న రాత్రి 'తెల్లజుట్టు పిల్ల' అనే చైనా బాలే (నృత్య నాటకం) సినిమా చూశాను. పాత సంస్కృతిని తుడిచెయ్యాలని మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో, 1967లో చైనాలో ఎనిమిది ప్రదర్శనలకి 'నమూనా' అని ముద్ర వేశారు: ఐదు పెకింగ్ ఒపేరాలు (చైనా సంప్రదాయ పాటల నాటకాలు), రెండు బాలేలు, ఒక సింఫనీ. దాదాపు పదేళ్లు జనం ఎక్కువగా చూసిందీ విన్నదీ ఇవే. మావో భార్య జియాంగ్ చింగ్ దగ్గరుండి చేయించింది. నాకు నచ్చింది. నచ్చినందుకే ఇబ్బందిగా ఉంది. దీన్ని కళ అనొచ్చా?

పాతపాట: అనకూడదు. దీనికి మూలం 1945లో చైనా కమ్యూనిస్టుల స్థావరం యేనాన్‌లో ఆడిన ఒపేరా. సంవత్సరాది రాత్రి మంచులో ఇంటికొచ్చిన కౌలురైతు యాంగ్ బైలావ్, పువ్వులు కొనలేక కూతురి జడకి ఎర్ర దారం తెస్తాడు. అప్పు కింద ఆ కూతుర్నే భూస్వామికి రాసిచ్చి, తట్టుకోలేక విషపు ఉప్పునీళ్లు తాగి చనిపోతాడు. బాలేలో? కావిడి బద్ద ఎత్తి భూస్వామి మీదికి వెళ్తాడు, కొట్టి చంపుతారు. పేదవాడు బలహీనంగా చావకూడదట. నలిగిపోయిన మనిషిని తీసేసి గోడమీద బొమ్మని పెట్టారు.

గళం72: విషం తాగితే మనిషి, బద్ద ఎత్తితే బొమ్మా? పైగా 1945 నాటిదీ కమ్యూనిస్టు పార్టీ ఆడించిందే. సాహిత్యం, కళల మీద మావో 1942లో యేనాన్‌లో చెప్పిన మాటల దారిలో పుట్టిందే. అది నచ్చి ఇది నచ్చలేదంటే మీకు పడనిది ప్రభుత్వం కాదు, తిరుగుబాటు.

మౌనిక: 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి బీజింగ్‌లో చూపించింది ఇదేనా?

శారద: కాదండీ, ఇంకో బాలే. హైనాన్ దీవిలో మహిళా సైనిక దళం కథ.

పాతపాట: తిరుగుబాటుతో నాకేం పేచీ లేదు. 'మూడు ప్రాధాన్యాలు' అని ఒక సూత్రం పెట్టారు. పాత్రలన్నిటిలో మంచివాళ్లు, వాళ్లలో వీరులు, ఆ వీరుల్లో ప్రధాన వీరుడు ముందుకు రావాలి. దాని ప్రకారం కట్టిన కథలో ఎవడు ఎప్పుడు ఏం చేస్తాడో తెర లేవకముందే తెలిసిపోతుంది. యాంగ్ బైలావ్‌కి భయపడే వీలు కూడా లేకుండా చేశారు.

గళం72: మళ్లీ యాంగ్ బైలావ్ దగ్గరికే వచ్చారు! అంతకుముందు పెకింగ్ ఒపేరాని ఏలింది రాజులు, సేనాపతులు, అందగత్తెలు. ఆ వేదిక మీద ఒక రైల్వే కార్మికుడు ఎర్ర లాంతరు పట్టుకుని కథానాయకుడయ్యాడు. నిక్సన్ చూసిన బాలేలో దొర చెర తప్పించుకొచ్చిన బానిస పిల్ల ఎర్రజెండా అంచు పట్టుకుని చెంపకి ఆనించుకుంటుంది. ఆ ఒక్క క్షణం నాకు చాలు. మా అమ్మ నాట్లకి వెళ్లేది. మా ఊళ్లో ఆడిన నాటకాల్లో కూలిమనిషి వచ్చేది జనాన్ని నవ్వించడానికే. ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఆమె వైపు తిరిగి చూసి మరీ నవ్వేవాళ్లు.

బుచ్చిబాబు: ఒక్క తండ్రి చావు పట్టుకుని ఇంతసేపా? మిగతా ఏడూ ఉన్నాయి.

పాతపాట: ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. మా నాన్న బుర్రకథ చెప్పేవారు. ఒకసారి సర్కారు పథకం ప్రచారానికి పిలిచారు. కథలో తల్లి ఏడ్చే ఘట్టం తీసేయమన్నాడు అక్కడి అధికారి. జనం ఏడిస్తే పథకం మీద నమ్మకం పోతుందట. తీసేశారు. ఇంటికొచ్చి తంబుర మేకుకి తగిలించి వారం రోజులు ముట్టుకోలేదు.

గళం72: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆ అధికారి మీద కోపం చైనా బాలే మీద తీర్చుకుంటే ఎలా?

పాతపాట: మా నాన్న వద్దనగలిగేవారండీ! డబ్బు పోయేది, అంతే. అక్కడ వద్దంటే? హాయ్ రుయ్ అనే నిజాయితీపరుడైన పాతకాలపు అధికారి వేషం వేసినందుకు జౌ షిన్‌ఫాంగ్ అంతటి నటుణ్ణి వెంటాడారు. 1975లో ఆ నింద మోస్తూనే పోయాడు. హువాంగ్‌మెయ్ అనే ప్రాంతీయ ఒపేరా గాయని యాన్ ఫెంగ్‌యింగ్ వేధింపులు భరించలేక 1968లో ప్రాణం తీసుకుంది. ఇంతమంది గొంతు నొక్కి ఎనిమిదింటిని మోగిస్తే, ఆ ఎనిమిదింటిని బాగున్నాయా లేదా అని చూడమంటారేంటి నన్ను? ఆ పాటలు వింటే పీడకలలొస్తాయని రచయిత బా జిన్ తర్వాత రాశాడు.

గళం72: ఈ మాట మొదటే అనాల్సింది. పొద్దుటినుంచీ కావిడి బద్ద గురించి కొట్టుకున్నాం. యాన్ ఫెంగ్‌యింగ్‌కి జరిగినదాన్ని నేను సమర్థించను, సమర్థించలేను. కానీ వద్దనే హక్కు ఉన్న మన ఊళ్లో మా అమ్మ కథ ఎవరు ఆడారు? దీనికి మీరూ జవాబు చెప్పాలి.

పాతపాట: ఎవరూ ఆడలేదు. మా నాన్న కూడా చెప్పలేదు. ఆయన దగ్గరున్న కథలన్నీ వీరులవే.

శారద: పాతపాట గారూ, ఆ ఎర్ర దారం బాలేలో కూడా ఉంది. తండ్రి వేళ్లు వణుకుతూ జడకి చుడతాడు. నేను వెనక్కి తిప్పి రెండోసారి చూసింది అదొక్కటే.