అప్‌డేట్: నీళ్లు ఎట్టకేలకు గ్లాసు దాటాయి

మొన్న అడిగాను కదా, రంగు నీళ్లు టిష్యూ పేపర్ మీదుగా పక్కనున్న ఖాళీ గ్లాసులోకి పాకకుండా సగం దారిలోనే ఆగిపోతున్నాయని. తప్పు నాదే. సగం గ్లాసు నీళ్లు పోసి పొడవాటి టిష్యూ పెట్టాను. కాగితం పీచుల మధ్య సన్నటి సందుల్లోంచి నీళ్లు పైకి ఎక్కుతాయి గానీ, ఎత్తు పెరిగేకొద్దీ వాటి బరువే కిందికి లాగుతుంది, ఈలోగా పైభాగం ఆరిపోతుంది కూడా. మీరు చెప్పినట్టే ఈసారి గ్లాసు అంచు దాకా నింపి, టిష్యూని పొట్టిగా కత్తిరించి, మడతలు వేసి పెట్టాను.

కాసేపటికే తడి వంపు దాటింది! మా అమ్మాయి అక్కడి నుంచి కదిలితే ఒట్టు. మొత్తం నీళ్లు అవతలికి పోతాయనుకుంది పాపం, రెండు గ్లాసుల్లో మట్టం సమానం కాగానే ఆగిపోయేసరికి మొహం ముడుచుకుంది.

ఆ ఊపులో వేరే కాగితాలూ ముంచాం. నోట్‌బుక్ కాగితం చాలా నెమ్మది, సిరా పాకకుండా తయారీలోనే నీళ్లను ఆపే పదార్థం కలుపుతారట. మెరిసే మ్యాగజైన్ పేజీ మీదైతే చుక్క ముత్యంలా అలాగే కూర్చుంది. ఇక నల్ల స్కెచ్ పెన్ గీత గీసిన టిష్యూ తడవగానే అందులోంచి నీలం, గులాబీ రంగులు విడిపోయాయి, ఇప్పుడు ఇంట్లో పెన్నులన్నీ దానికే బలి.