కుడివైపు సందులోంచి వచ్చిన కారుకి నేనెందుకు ఆగాలి? (జర్మనీ)

బెజవాడ_బాబు (స్టుట్‌గార్ట్)
పోయిన నెల మా ఇంటి దగ్గర 30 జోన్‌లో యాక్సిడెంట్ అయింది. నేను వెడల్పాటి వీధిలో తిన్నగా పోతున్నాను, స్పీడు 30 లోపే. కుడివైపు చిన్న సందులోంచి ఒకావిడ ఆగకుండా వచ్చేసింది. నా బంపర్ ఆవిడ కారు ఎడమ డోర్‌కి తగిలింది. ఆ మూలలో బోర్డు లేదు, సిగ్నల్ లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు తప్పంతా నాదే అంటున్నారు. కారణం ‘రెష్ట్స్ ఫోర్ లింక్స్’ అట, అంటే కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకే ముందు దారి. పెద్ద వీధిలో పోయేవాడు సందులోంచి వచ్చేవాళ్ళ కోసం ఆగడం ఎక్కడి న్యాయం? ప్రమాదాలు తెచ్చేదే ఈ రూలు. మీరేమంటారు?

శారద_మ్యూనిక్
బాబు గారూ, వీధి వెడల్పుకీ దీనికీ సంబంధం లేదండీ. పసుపు డైమండ్ బోర్డు ఉంటేనే అది ముందు దారి ఉన్న రోడ్డు. ఎర్ర త్రిభుజంలో లావు బాణం ఉంటే ఆ ఒక్క కూడలి వరకు దారి మీది. ఆవిడ వైపు తలకిందుల త్రిభుజం గానీ స్టాప్ బోర్డు గానీ ఉంటే ఆవిడ ఆగాలి. ఇవేవీ లేనప్పుడు కుడివైపు రూలే. రోడ్డు చట్టం 8వ సెక్షన్ చెప్పేది ఇదే. 30 జోన్లలో ఎక్కువ కూడళ్ళు ఇలాగే ఉంటాయి.

కొత్తగా_వచ్చా
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను ఇక్కడికి వచ్చి ఆరు నెలలు నిండబోతున్నాయి. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే మన లైసెన్స్ మీద ఇంకొన్నాళ్ళు నడపవచ్చా?

ఓరుగల్లు83
నడపరాదు తమ్ముడూ. ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి ఆరు నెలలే, పర్మిట్ ఉన్నా అంతే. తర్వాత థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ పాసవ్వాలి.
బాబు అన్నా, ఒక్కటి చూసి చెప్పు. ఆ సందు మొదట్లో ఫుట్‌పాత్ అంచు రాయిని కిందికి దించారా? దించి ఉంటే 10వ సెక్షన్ కిందకి వస్తుంది, అప్పుడు ఆగాల్సింది ఆవిడే. పిల్లలు ఆడుకునే బొమ్మ ఉన్న నీలం బోర్డు వీధిలోంచి బయటికి వచ్చినా అంతే.

బెజవాడ_బాబు
ఇది నాకు ఎవరూ చెప్పలేదే! సాయంత్రం వెళ్ళి ఫొటోలు తీస్తాను.

శారద_మ్యూనిక్
అంచు రాయి మీద అంత ఆశ పెట్టుకోకండి. ఆ విషయంలో కోర్టుల దాకా వెళ్ళిన తగాదాలు ఉన్నాయి. పైగా మీ వీధి వేగం తగ్గించే జోన్‌లో ఉంది, ప్రతి మూలలో కుడివైపు చూడాల్సిందే.

ఓరుగల్లు83
శారద గారూ, చూడాల్సిందే, కాదనను. ఇప్పుడు తప్పు ఎవరిదని కదా లెక్క? దానికి అంచు రాయే ముఖ్యం.

బెజవాడ_బాబు
వెళ్ళి చూశాను. అంచు రాయి లేదు, రెండు వీధుల తారు కలిసిపోయి ఉంది. సరే, చట్ట ప్రకారం ఓడిపోయాను. కానీ ఎర్ర త్రిభుజంలో నల్ల క్రాస్ బోర్డు అని ఒకటి ఉందిగా, ముందు కుడివైపు రూలు కూడలి ఉందని చెప్పేది. అది ఎందుకు పెట్టరు? ఊరి పేరున్న పసుపు బోర్డు కనిపిస్తే, అంకె లేకపోయినా స్పీడు 50 అనుకోవాలి. దాన్ని దాటి ఒక్కొక్కటీ కనిపెట్టుకుంటూ పోవాలి. థియరీ పరీక్ష టర్కిష్, అరబిక్‌లో రాయొచ్చు, మన భాష ఒక్కటీ లేదు. మా డ్రైవింగ్ స్కూలాయన, మన లైసెన్స్ మార్చుకునేవాళ్ళకి క్లాసులు తప్పనిసరి కాకపోయినా, ‘నువ్వు రెడీ కాలేదు’ అంటూ పద్నాలుగు క్లాసులు చేయించాడు. ప్రాక్టికల్‌కి వాళ్ళ కారు ఉండాలి కాబట్టి నోరు మూసుకున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర పన్నెండేళ్ళు కారు నడిపినవాణ్ణి, ఒక్క గీత పడలేదు.

వైజాగ్_అల
నాకు కూడా ఇలాగే డబ్బు గుంజారు.

శారద_మ్యూనిక్
డ్రైవింగ్ స్కూలు సంగతి వేరు, ఇది వేరు. మీ పన్నెండేళ్ళ అనుభవమే ఆ మూలలో మిమ్మల్ని ఆపలేదు.

బెజవాడ_బాబు
అంటే నాకు డ్రైవింగ్ రాదంటారా? మీలాంటివాళ్ళు నాలుగేళ్ళు ఇక్కడ ఉండగానే మన ఊరి రోడ్లన్నీ అడవి అయిపోతాయి.

ఓరుగల్లు83
కోపం వద్దన్నా. కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలని మన దేశంలో కూడా 2017 దాకా అమల్లో ఉన్న 1989 రోడ్డు నియమాల్లోనే ఉండేది, కూడలిలో మనం ఎక్కే రోడ్డు మెయిన్ రోడ్డుగా ప్రకటించింది కాకపోతే. ఎవరూ పాటించలేదంతే.

బెజవాడ_బాబు
ఎవరూ పాటించరు, అయినా మేం బతికాం. ఎలా? ఎదుటివాడి ముఖం చూస్తాం, కారు కదిలే తీరు చూస్తాం, ఎవడు ముందో కళ్ళతోనే తేల్చుకుంటాం. ఆ రోజు కూడా ఆవిడ ముక్కు బయటికి రావడం చూసి, ఆగమని రెండుసార్లు లైట్లు కొట్టాను. అయినా వచ్చేసింది.

ఓరుగల్లు83
లైట్లు కొట్టావా? ఈ మాట ముందే చెప్పాల్సింది అన్నా. ఇక్కడ లైట్లు కొడితే ‘నువ్వు వెళ్ళు’ అనుకుంటారు. మన దగ్గర ‘నేను వస్తున్నా, ఆగు’. చట్టం ప్రకారం ఈ రెండూ కాదు. ప్రమాదం గురించి హెచ్చరించడానికీ, ఊరి బయట ఓవర్‌టేక్ చేయడానికీ మాత్రమే కొట్టాలి.

బెజవాడ_బాబు
...అందుకేనా ఆవిడ చెయ్యెత్తి థాంక్స్ చెప్పింది? నేను తిడుతోందనుకున్నాను.

శారద_మ్యూనిక్
బాబు గారూ, నేను గట్టిగా మాట్లాడాను, కారణం చెప్తాను. మా వాడు నాలుగో క్లాసు. బడిలో సైకిల్ పరీక్ష పెట్టారు, కుడివైపు నుంచి వస్తే దారి నీది అని నేర్పారు. ఏప్రిల్‌లో సైకిల్ మీద కుడివైపు నుంచి వచ్చాడు, కారతను ఆగలేదు. హ్యాండిల్ పక్కకి తిప్పి పడ్డాడు, మోచెయ్యి విరిగింది. ఆ కారతను నాతో అన్న మాట ‘పిల్లాడు ఆగుతాడనుకున్నాను’. మీరు కళ్ళతో తేల్చుకునేది మీతో సమానంగా బేరమాడగలవాళ్ళతో. తొమ్మిదేళ్ళవాడు ఏం బేరమాడతాడు? వాడికున్నది ఆ రూలొక్కటే.

బెజవాడ_బాబు
శారద గారూ, మీ అబ్బాయికి ఇప్పుడు ఎలా ఉంది? లైట్ల విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆవిడకి ఉత్తరం రాస్తాను. కానీ ఆ మూలలో క్రాస్ బోర్డు ఉంటే మీ వాడికి కూడా మేలే కదా? నగరపాలక ఆఫీసుకి రాయబోతున్నాను.

శారద_మ్యూనిక్
చెయ్యి బాగైంది, సైకిల్ ఎక్కనంటున్నాడు. రాయండి. కానీ కొన్ని మూలల్లో బోర్డు పెడితే, లేని మూలల్లో మీరు కుడివైపు చూస్తారా?

కొత్తగా_వచ్చా
మంగళవారం నా థియరీ. అంచు రాయి దించారో లేదో కారులోంచి దూరంగా ఎలా కనిపెట్టాలో ఎవరైనా ఫొటో పెడతారా?