టైంటేబుల్ వదిలేసి అన్‌స్కూలింగ్‌కి మారినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కొండాపూర్ అమ్మ:
అందరికీ నమస్తే. మాకు పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. పాపని రెండో తరగతిలో స్కూలు మాన్పించాం, అప్పట్నుంచీ ఇంట్లోనే చదువు. పొద్దున తొమ్మిదికి లెక్కలు, తర్వాత ఇంగ్లిష్, సైన్స్, భోజనాలయ్యాక తెలుగు, హిందీ. సీబీఎస్‌ఈ పుస్తకాలతో పాటు ఒక ఆన్‌లైన్ కరిక్యులం కూడా కొన్నాం. శనివారం టెస్టు.

కొన్నాళ్ళుగా లెక్కల పుస్తకం తీస్తే చాలు, పాపకి కడుపునొప్పి. నటన కాదు, నిజంగానే వస్తోంది. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదన్నారు. ఏ పేజీ చేయించినా "ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?" అనే అడుగుతుంది. అదే పిల్ల ధనుర్మాసం అంతా చుక్కల ముగ్గులు పట్టుకుని గంటలకొద్దీ కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే. బాబుకి కూడా ఇదే పద్ధతి మొదలుపెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

అన్‌స్కూలింగ్‌కి, అంటే టైంటేబుల్, సిలబస్ లేకుండా పిల్లలు తమ ఆసక్తి వెంటే నేర్చుకునే పద్ధతికి, మారినవాళ్ళు చెప్పండి. టైంటేబుల్ ఒక్కసారిగా ఆపేశారా, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారా? లెక్కల సంగతేం చేశారు? పదో తరగతి ఎలా? మావారు సగం ఒప్పుకున్నారు. అత్తయ్యగారు మాత్రం "పిల్లల్ని గాలికొదిలేస్తావా?" అంటున్నారు.

బెజవాడ నాన్న:
మేం ఒక్కసారే ఆపేశామండి. మెల్లగా తగ్గిస్తే పిల్లవాడు మిగిలిన ఆ గంట కోసం రోజంతా బెంగపడేవాడు. వాడికిప్పుడు పదమూడు.

మొదటి నెలలు కష్టం. ఆ సంగతి ముందే తెలిసుంటే మంచిది. స్కూల్లో ఉన్న ఒక్కో ఏడాదికి ఒక్కో నెల ఊరికే వదిలేయాలని హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్ళలో ఒక మాట ఉంది. అదేమీ శాస్త్రం కాదు, మావాడికి అంతకన్నా ఎక్కువే పట్టింది. పొద్దున లేచి మంచం మీదే పడుకునేవాడు. క్రికెట్ వీడియోలు చూసేవాడు. "బోర్ కొడుతోంది నాన్నా" అంటే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టాలనిపిస్తుంది. అక్కడ ఆగగలిగితే తర్వాత వాడంతట వాడే లేస్తాడు.

మావాడు లేచింది సైకిల్ షాపు దగ్గర. మా వీధి చివర షాపులో చక్రం వంకర తీస్తుంటే నిలబడి చూసేవాడు. షాపాయన ఒకరోజు స్పోక్ కీ చేతికిచ్చాడు. ఏ పుల్ల బిగిస్తే చక్రం ఎటు లాగుతుందో, ఎంత వదులు చేయాలో వాడే కనిపెట్టుకున్నాడు. ఆ తర్వాత గేరు పళ్ళ లెక్క మొదలైంది. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 22 ఉంటే పెడల్ ఒక్కసారి తిప్పితే వెనక చక్రం రెండుసార్లు తిరుగుతుంది. మరి 44కి 16 అయితే? నిష్పత్తుల పాఠం టైంటేబుల్‌లో చెప్పినప్పుడు వాడి బుర్రకెక్కలేదు, ఇక్కడ రెండున్నర కన్నా కొంచెం ఎక్కువని నోటితో చెప్పాడు.

మీ అత్తయ్యగారు "గాలికొదిలేయడం" అంటున్నారు కదా, అందుకే చెబుతున్నాను. నాకు పని తగ్గలేదు, పెరిగింది. ఇదివరకు పేజీ నంబరు చెప్పి పక్కకెళ్ళేవాడిని. ఇప్పుడు వాడేం చూస్తున్నాడో గమనించాలి, దానికి కావాల్సిన మనిషినో వస్తువునో వెతికి తేవాలి, ఆ తర్వాత మధ్యలో దూరకుండా ఉండాలి. మూడోది అన్నిటికన్నా కష్టం.

రిటైర్డ్ లెక్కల టీచర్:
నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు మనవరాలు ఇంట్లోనే చదువుతోంది. నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. రైతుబజారుకి పంపితే భిన్నాలు వస్తాయి. కిలో 28 అయితే ముప్పావు ఎంతని అడిగితే, "సగం 14, పావు 7, మొత్తం 21" అని మా మనవరాలు సంచి పట్టుకునే చెప్పేస్తుంది. కానీ రుణ సంఖ్యలు, బీజగణితం, రేఖాగణితంలో నిరూపణ బజారులో దొరకవు. వాటిని ఎవరో ఒకరు కూర్చుని చూపించాలి. పిల్ల అడిగిన రోజున చూపిస్తే త్వరగా వస్తుందన్న మాట నిజమే, కానీ అడగాలంటే ముందు అలాంటిదొకటి ఉందని పిల్లకి తెలియాలి కదా.

కొండాపూర్ అమ్మగారూ, మీ పాపకి ముగ్గులు ఇష్టం అన్నారు. ఒక పని చెప్పండి. సందు చుక్కల ముగ్గుకి 15 నుంచి 8 వరకు (మధ్య వరసలో 15, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గుతూ చివర 8) పెడితే మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టమనండి. తర్వాత 13 నుంచి 7, 11 నుంచి 6, ఇలా చిన్నవి కూడా. ఇంకేం చెప్పకండి. టెస్టు అనిపించకూడదు. మీరు కూడా పక్కనే కూర్చుని పెట్టండి.

ఫ్రిస్కో అమ్మాయి:
మేం టెక్సస్‌లో ఉంటున్నాం, అంతకుముందు పెన్సిల్వేనియా. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇది నేరుగా పనికిరాకపోయినా రికార్డు రాసే పద్ధతి పనికొస్తుందని చెబుతున్నాను.

పెన్సిల్వేనియాలో రూల్స్ గట్టివి. ఏడాదికి 180 రోజులు చదువు జరిగినట్టు లాగ్ ఉంచాలి, పిల్లల పనులతో పోర్ట్‌ఫోలియో కట్టాలి, దాన్ని అర్హత ఉన్న ఒక మనిషి చూసి సరేననాలి. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో ప్రామాణిక పరీక్షలు కూడా ఉన్నాయి. అలాంటి చోట కూడా అన్‌స్కూలింగ్ చేసే కుటుంబాలు ఉన్నాయి. ఎలాగంటే, పాఠం ముందు పెట్టుకుని రోజు నడపరు. రోజు గడిచాక రాత్రి కూర్చుని ఏం జరిగిందో రాస్తారు. మా అమ్మాయి ఆవకాయ పెట్టేటప్పుడు వాళ్ళ అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడి, కారం, ఉప్పు, ఆవపిండి కొలతలు మా దగ్గరున్న కాయలకి సరిపడా తగ్గించింది. ఆ రాత్రి లాగ్‌లో లెక్కలు, తెలుగు, ఆరోగ్యం మూడింటి కిందా అది వెళ్ళింది. కల్పించి రాసింది ఒక్క ముక్క లేదు.

టెక్సస్ వచ్చాక అంతా తేలికైంది. 1994లో టెక్సస్ రాష్ట్ర సుప్రీంకోర్టు హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూల్లాగే చూడాలని తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం ఉండాలి, పరీక్షలు లేవు. అయినా లాగ్ రాయడం నేను మానలేదు. నాకు టెన్షన్ వచ్చిన రోజు పాత పేజీలు తిరగేస్తాను. ఏమీ జరగలేదనిపించిన నెలలో ఎంత జరిగిందో అందులో ఉంటుంది. అత్తయ్యగారికి కూడా అదే చూపించండి. వాదన కన్నా నోటుబుక్కు బాగా పనిచేస్తుంది.

అనంతపురం నుంచి:
మా బాబుకి పదకొండు. మాకు పూర్తి అన్‌స్కూలింగ్ కుదరలేదు. అది చెప్పడానికే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి చర్చల్లో కుదిరినవాళ్ళే ఎక్కువ రాస్తారు. టైంటేబుల్ తీసేశాక వాడు స్థిమితంగా ఉండలేకపోయాడు. పొద్దున లేస్తూనే "ఈరోజు ఏం చేస్తాం?" అని వెంటపడేవాడు, నిద్ర కూడా తగ్గింది. ఆరు నెలలు చూశాం. చివరికి వాడే ఒక కాగితం తెచ్చి పొద్దున రెండు గంటలకి గీతలు గీసుకున్నాడు. లెక్కలు, ఇంగ్లిష్ వాడే రాసుకున్నాడు. మిగతా రోజు వాడిష్టం. ఇప్పుడు ఆ రెండు గంటలూ గొడవ లేకుండా నడుస్తున్నాయి. అది వాడు గీసుకున్న గీత కాబట్టి. దీన్ని అన్‌స్కూలింగ్ అంటారో లేదో నాకు పట్టింపు లేదు.

మదనపల్లె వైపు:
నాకు ఇద్దరు పిల్లలు, ఇంకా చిన్నవాళ్ళు. ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మా వైపు సరిహద్దు దాటితే కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర 1972లో డేవిడ్ హార్స్‌బరో అనే విద్యావేత్త నీల్‌బాగ్ అనే బడి పెట్టారు. చుట్టుపక్కల పల్లె పిల్లలే చదివేవాళ్ళు. వయసుల వారీ తరగతులు లేవు, పరీక్షలు లేవు, శిక్షలు లేవు. అందరూ కలిసి ఒకేచోట, ఎవరి వేగం వాళ్ళది. చదువుతో పాటు వడ్రంగం, కుట్టుపని, తోటపని. 1984లో ఆయన పోయారు.

అది బడే, ఇంటి చదువు కాదు. కానీ ఇక్కడ మాట్లాడుకుంటున్నదానికి దగ్గరగా ఉంది. పరీక్ష లేదంటే ఖాళీగా వదిలేశారని కాదు. పిల్లలు తమంతట తాము తీసుకుని చేసుకునేలా సామాను తయారుచేయడం మీద పెద్దవాళ్ళు విపరీతంగా శ్రమపడ్డారు. అమెరికాలో జాన్ హోల్ట్ 1977లో బడి వద్దనుకున్న కుటుంబాల కోసం పత్రిక మొదలుపెట్టారు, అన్‌స్కూలింగ్ అనే మాట ఆయన దగ్గర్నుంచే వ్యాపించింది. ఆయన అంతకుముందు బళ్ళో టీచరే. వీళ్ళిద్దరూ పిల్లల్ని దగ్గర కూర్చుని చూసినవాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు ఈ చూడటం గురించి చెబితే బాగుంటుందని నా ఉద్దేశం.

తెలుగు పుస్తకాలకి 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, ప్రథమ్ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నవి చూడండి. అక్షరాలు దిద్దించడం ఆపేసి ఇవి ఇంట్లో పరిచి ఉంచితే మా పెద్దవాడు బొమ్మలు చూస్తూ చూస్తూ పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

ఓపెన్ స్కూల్ పిల్ల తల్లి:
పదో తరగతి సంగతి నేను చెబుతాను, మా అమ్మాయి ఎన్‌ఐఓఎస్‌లోనే (బడికి వెళ్ళకుండా పరీక్ష రాయగలిగే జాతీయ ఓపెన్ స్కూల్) రాసింది. 14 ఏళ్ళు నిండాలి. కింది తరగతుల టీసీ లేకపోయినా ఫరవాలేదు. ఐదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష. ఒక్కో దాంట్లో 33 శాతం వస్తే పాస్. ఒకసారి చేరితే ఐదేళ్ళు చెల్లుతుంది, కాబట్టి అన్నీ ఒకేసారి రాయాల్సిన పని లేదు. మా అమ్మాయి ఒక విడతలో రెండు, తర్వాతి విడతలో మూడు రాసింది. తెలుగు మీడియం కూడా ఉంది. రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఒకటి ఉన్నాయి.

చట్టం గురించి భయపడేవాళ్ళకి: విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఉంది కానీ, చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని లేదు. ఇంటి చదువు గురించి ప్రత్యేకంగా ఏమీ రాయలేదు. అందుకే పిల్లలు చేస్తున్న పనికి రికార్డు ఉంచుకోమని నేను కూడా చెబుతాను.

మా అమ్మాయి పదమూడు దాటేవరకు సిలబస్ ముట్టుకోలేదు. పరీక్ష రాయాలని తనే నిర్ణయించుకున్నాక ఏడాదిలో తయారైంది. సైన్స్‌కి మాత్రం ఒక టీచర్ దగ్గరికి పంపాం. అక్కడ ట్యూషన్ పెట్టించడం అన్‌స్కూలింగ్‌కి విరుద్ధం కాదు, అడిగింది తను.

కొండాపూర్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. లెక్కల మాస్టారూ, మీరు చెప్పిన పని చేశాం. పాపా నేనూ నేల మీద కూర్చుని సుద్దముక్కతో చుక్కలు పెట్టాం. 15 నుంచి 8కి 169 వచ్చాయి. 13 నుంచి 7కి 127. 11 నుంచి 6కి 91. 9 నుంచి 5కి 61. వరసగా కాగితం మీద రాసింది. కాసేపు చూసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 42, 36, 30 అని పక్కన రాసి, "అమ్మా, ఆరు ఆరు తగ్గుతోంది!" అని అరిచింది. తర్వాత చుక్కలు పెట్టకుండానే 7 నుంచి 4కి 37 అని చెప్పి, పెట్టి చూసుకుంది. సరిపోయింది. ఎందుకు ఆరేనని అడుగుతోంది. కడుపునొప్పి మాట లేదు.

వచ్చే వారం నుంచి టైంటేబుల్ ఆపేస్తున్నాం, ఇద్దరికీ. అత్తయ్యగారిని రోజూ మధ్యాహ్నం పిల్లలకి కథ చదివి వినిపించమని అడిగాను, దానికి ఒప్పుకున్నారు. మావారు నోటుబుక్కు రాసే పని తీసుకున్నారు. ఫోన్ సంగతి మాత్రం తేలలేదు. అదీ పిల్లల ఇష్టానికే వదిలేయాలా?

రిటైర్డ్ లెక్కల టీచర్:
ఎందుకు ఆరో చెప్పకండి. ముగ్గు అంచు ఎన్ని వైపులు ఉందో చూడమనండి చాలు.

బెజవాడ నాన్న:
ఫోన్ దగ్గర మేం వదల్లేదండి. కొన్ని ఇళ్ళలో పూర్తిగా వదిలేస్తారు, వాళ్ళకి కుదిరిందంటారు. మా ఇంట్లో రాత్రి భోజనం నుంచి మర్నాడు పొద్దున టిఫిన్ దాకా ఎవరి ఫోనూ, నాది కూడా, హాల్లో అలమారాలో ఉంటుంది. పగలు వాడికి లెక్క లేదు. వీడియోలు చూసే గంటలు సైకిల్ షాపు మొదలయ్యాక వాటంతటవే తగ్గాయి. మీ పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు కాబట్టి మొదటి నెలల్లో ఇంట్లో ఫోన్లు మీరే తక్కువ వాడి చూడండి, ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.