రిపోర్టులన్నీ నార్మల్, తిమ్మిర్లు మాత్రం ఆగట్లేదు: టెన్షన్‌తో వచ్చే నరాల బాధల మీద తెలిసినవాళ్ళు రాయండి

పెన్నాగట్టు:
షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, మెడ ఎమ్మారైలో చెప్పుకోదగ్గదేమీ లేదు. అయినా అరికాళ్ళలో చీమలు పాకినట్టు, మూతి చుట్టూ మొద్దుబారినట్టు, రాత్రి మంచమెక్కగానే కరెంటు కొట్టినట్టు జివ్వుమని. చివరికి చీటీ మీద 'యాంగ్జైటీ' అని రాసిస్తారు. నెల్లూరు, ఒంగోలు వైపు ఇట్టాంటి వాళ్ళు చానామంది ఉండారు. మూడు సంగతులు కావాలి. టెన్షన్ వల్లేనని తేల్చుకునేదెట్టా? వచ్చినప్పుడు అప్పటికప్పుడు చెయ్యాల్సిందేంది? రోజూ పనికి పోతా దీంతో ఎట్టా నెట్టుకురావాలి? 'ధైర్యంగా ఉండు' అన్న మాట ఒక్కటి వద్దు.

ఊపిరి_మాస్టారు:
మూతి చుట్టూ, వేళ్ళ చివర్లూ కలిసి తిమ్మిరెక్కుతున్నాయంటే ముందు చూడాల్సింది ఊపిరి. భయంలో మనిషి అవసరానికి మించి గాలి పీలుస్తాడు. ఆయాసం పైకి కనపడక్కర్లేదు; మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవులింతలు, 'ఊపిరి నిండట్లేదు' అనడం చాలు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు విడిగా తిరిగే కాల్షియం కొంత పోయి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. ఆ విడి కాల్షియం తగ్గితే నరం ఊరికే రేగుతుంది. ముదిరితే చెయ్యి వంకరపోతుంది: మణికట్టు లోపలికి వంగి, నాలుగు వేళ్ళూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కుని, బొటనవేలు అరచేతిలోకి లాక్కుంటుంది. ఇంట్లోవాళ్ళు పక్షవాతమని కేకలేస్తారు, ఆ కేకలకి ఊపిరి ఇంకా ఎగుస్తుంది.

చెయ్యాల్సింది: వీపు ఆనించి కూర్చోవాలి, ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి బొడ్డు మీద. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి, బొడ్డు మీది చెయ్యే లేవాలి. 6 అంకెలసేపు వదలాలి. అంకెకి ఒక సెకను చొప్పున, అంటే నిమిషానికి 6 ఊపిర్లు. పక్కన నిలబడి 'గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు' అనేవాళ్ళే చేటు చేస్తారు. కావాల్సింది ఎక్కువ గాలి కాదు, నిదానం. బాధ లేనప్పుడు రెండుపూటలా 10 నిమిషాలు అలవాటు చేసుంటేనే బాధలో పనికొస్తుంది.

సింగరాయకొండ_అక్క:
ఇన్ని లెక్కలెందుకు తమ్ముడూ, కాయితం కవరు మూతికి పెట్టి అందులోనే ఊపిరి తీయిస్తే సర్దుకుంటుంది. ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే.

ఊపిరి_మాస్టారు:
అక్కా, ఆ పద్ధతి ఇప్పుడు వద్దంటున్నారు. గుండెపోటుకీ, ఆస్తమాకీ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా కూడా ఆయాసమే వస్తుంది. అసలే ఆక్సిజన్ తక్కువున్న మనిషి మూతికి కవరు పెడితే ప్రాణం మీదికొస్తుంది.

ఒంగోలు_ల్యాబ్:
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. 'కాల్షియం చేయించాం, నార్మలే' అంటారు. మామూలుగా చేసేది మొత్తం కాల్షియం. ఊపిరి వల్ల తగ్గేది విడి కాల్షియమే, మొత్తం కదలదు. అందుకే రిపోర్టు నార్మల్, చెయ్యి వంకర, రెండూ నిజమే.

ఇక అసలు సంగతి. మొదట రాసిన లిస్టులో నరాలకి కావాల్సిన విటమిన్ బీ12 లేదు. 15 ఏళ్ళుగా శాంపిళ్ళతోనే నా పని, బీ12 చూడకుండా యాంగ్జైటీ అని రాస్తే నేను ఒప్పుకోను. మిల్లీలీటరుకి 200 పీకోగ్రాముల లోపు వస్తే లోపం. 200–300 మధ్య వస్తే కాగితం మీద 'నార్మల్' అని పడినా సందేహమే. అప్పుడు బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ గానీ మిథైల్ మలోనిక్ ఆసిడ్ గానీ చూడాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు, 'గ్యాస్ బిళ్ళ' అని పాంటోప్రజోల్ రోజూ పరగడుపున మింగేవాళ్ళు, చేప, మాంసం ముట్టనివాళ్ళు ముందు చూపించుకోవాలి. ఆ లోపమే చిరాకు, దిగులు కూడా తెస్తుంది, అందుకే యాంగ్జైటీలా కనపడుతుంది. జుట్టుకని బయోటిన్ బిళ్ళలు వాడేవాళ్ళు రక్తం ఇచ్చేముందు 2, 3 రోజులు ఆపాలి. లేకపోతే థైరాయిడ్ అంకె, బీ12 అంకె రెండూ తారుమారు కావచ్చు. ఇంకోటి, శాంపిల్ ఇచ్చాకే బీ12 సూది.

పొదలకూరు_నిమ్మ:
ల్యాబ్ అన్నా, నిమ్మతోటల్లో కాయలు కోసే కూలోళ్ళకి హోమోసిస్టీన్ అంటుండావే, ఆ ఒక్క టెస్టుకి ఎన్ని రోజుల కూలి పోవాల? బీ12 ఎక్కువైతే విషం కాదు, మిగిలింది మూత్రంలో బయటికి పోతుంది. అట్టాంటప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర 5 సూదులు వేయించి చూస్తే తప్పేంది? తగ్గితే లోపం, తగ్గకపోతే టెన్షన్.

ఒంగోలు_ల్యాబ్:
తప్పు అక్కడే ఉంది. సూది పడ్డాక రక్తంలో అంకె ఆకాశానికెక్కి కూర్చుంటుంది, వారాలు, నెలలు ఆ టెస్టుకి విలువుండదు. లోపం తిండి వల్లా, గ్యాస్ బిళ్ళ వల్లా, కడుపు పీల్చుకోకపోవడం వల్లా అన్నది తెలీకుండా పోతుంది. పీల్చుకోని మనిషికి మందు జీవితాంతం కావాలి, 5 సూదులతో ఆపితే మళ్ళీ మొదటికే. 'తగ్గితే లోపం' అన్న లెక్కా నిలవదు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. సాయంత్రానికే తగ్గిందంటే అది సూది మీది నమ్మకం. హోమోసిస్టీన్ అందరికీ చెప్పలేదు, మధ్యలో ఉన్నవాళ్ళకే చెప్పా. చదివి మాట్లాడు.

పొదలకూరు_నిమ్మ:
చదివే మాట్లాడుతుండా. నీ లెక్కలు పట్నంలో ఉండేవాళ్ళకి. మా వైపు బీ12 టెస్టుకి ఒక పూట పని మానుకుని నెల్లూరు పోవాల, రిపోర్టుకి ఇంకో పూట. సూది వేసినోడి మీద పడతారే గానీ, పది టెస్టులు రాసి 'ఏమీ లేదు పో' అన్నోడిని ఎవరూ అడగరు.

కావలి_ఫార్మసీ:
ఇద్దరూ ఆగండి. ఆ 'నరాల సూది' ఆంప్యూల్ మీద ఏముందో చదివారా? చాలావాటిలో ఒట్టి బీ12 ఉండదు, బీ6 కూడా కలిపి ఉంటుంది, కొన్నిట్లో 100 మిల్లీగ్రాములు. నాలుగైదు సూదులతో ఏమీ కాదు. కానీ సూదుల తర్వాత బిళ్ళలు, వాటి మీద ఇంకో మల్టీవిటమిన్, అట్టా ఏళ్ళు గడిస్తే బీ6 ఎక్కువై అదే అరికాళ్ళ తిమ్మిరి తెచ్చిపెడుతుంది. దాన్ని తగ్గించాలని ఇంకా మింగుతారు. అమెరికాలో పెద్దలకి రోజుకి 100 మిల్లీగ్రాములు హద్దు, యూరప్‌లో 2023లో 12కి దించారు. స్ట్రిప్పు వెనక 'పైరిడాక్సిన్' (బీ6కి ఇంకో పేరు) ఎదురుగా ఉన్న అంకె చూడండి. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇచ్చినా చేటే. రక్తహీనత సర్దుకుంటుంది, నరం మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటుంది.

సింగరాయకొండ_అక్క:
వారానికి రెండుసార్లు చేపల పులుసు తినమనండి, ఈ గొడవే ఉండదు. కార్తీకమాసమంతా మానేసినా భయం లేదు, కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది. తిననివాళ్ళకి పాలు, పెరుగు, గుడ్డులో కొంత దొరుకుతుంది.

కనిగిరి_కొండ:
అందరూ సూదులు, బిళ్ళలు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తరేం? నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్ జబ్బు సంగతి దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక కనిగిరి, పొదిలి, దర్శి అందులోకి వచ్చాయి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు; అంతకి బాగా మించిన బోరునీళ్ళు ఏళ్ళపాటు తాగితే వెన్నులో ఎముక పెరిగి నరాన్ని నొక్కొచ్చు. కాళ్ళ తిమ్మిరి, బిగుతు అన్నీ అందులోనివే. ఇంట్లోనే చూసుకోవచ్చు: మోకాళ్ళు వంచకుండా కాలి బొటనవేలు అందుతుందా, గడ్డం రొమ్ముకి ఆనుతుందా, రెండు చేతులూ తల వెనక్కి పోతాయా. ఈ మూడూ రాకుండా, పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే నీళ్ళు పరీక్ష చేయించాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఊపిరి_మాస్టారు:
అది నిజమైన జబ్బే. కానీ పొద్దున మూతికి, మధ్యాహ్నం అరికాలికి, రాత్రి చేతికి మారే తిమ్మిరి ఫ్లోరైడ్‌ది కాదు. డిస్కు అరిగినా నడుం వంగదు. ప్రతి తిమ్మిరినీ నీళ్ళకి ముడిపెడితే ఉన్న భయం పెరుగుతుంది.

కనిగిరి_కొండ:
మా ఊళ్ళల్లో నడుం వంగని మనుషుల్ని వయసు మీద పడిందని సర్దిచెప్పి పంపించారు ఏళ్ళ తరబడి. ఇప్పుడు యాంగ్జైటీ అంటున్నారు. ముడిపెట్టకపోవడం వల్లే ఇంతదూరం వచ్చింది. నీళ్ళ టెస్టు చేయిస్తే పోయేదేముంది?

విడవలూరు_చెరువు:
మూడో ప్రశ్న ఎవరూ ముట్టలేదు. రొయ్యల చెరువుల మీద ఉండేవాళ్ళ సంగతి చూడండి. తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్ల (నీళ్ళల్లోకి గాలి కలిపే మోటార్ల) చప్పుడు మీదే చెవి. నిద్రలేమి నరాన్ని పచ్చిపుండు చేస్తుంది, మామూలు స్పర్శ కూడా మంటగా తెలుస్తుంది. నిద్ర ఆపుకోవడానికి ఏడెనిమిది టీలు, దాంతో కనురెప్పలు, పిక్కలు అదురుతాయి. కాపలా ఇద్దరు వంతులేసుకుని ఒక్కొక్కరికి కనీసం 4, 5 గంటలు తెగకుండా నిద్ర పడేట్టు చూసుకోవాలి. టీ రెండుకి దించాలి, అదీ వారంలో నిదానంగా. ఒక్కసారే ఆపితే తలనొప్పి లేస్తుంది. సాయంత్రం 4 దాటితే వద్దు. మంచం మీద ఫోన్‌లో జబ్బుల పేర్లు వెతకడం ఆపాలి. అరికాలి మీదే ధ్యాస పెట్టి చూస్తా ఉంటే ఏ అరికాలైనా చిమచిమలాడుతుంది.

ఊపిరి_మాస్టారు:
నూటికి నూరుపాళ్ళు. వెతికే అలవాటుకి రోజులో ఒక 20 నిమిషాలు కేటాయించాలి, సాయంత్రం 6కి అనుకోండి. మిగతా వేళల్లో దిగులు వస్తే ఒక ముక్కలో చీటీ మీద రాసి 6కి వాయిదా వెయ్యాలి. పనిలో ఉండగా వస్తే పిడికిలి, భుజాలు, పిక్కలు ఒక్కొక్కటీ 5 సెకన్లు బిగించి 15 సెకన్లు వదలాలి.

మొదటి ప్రశ్నకి: ఏ వేళ్ళో చూడండి. బొటన, చూపుడు, మధ్య వేళ్ళు రాత్రి మొద్దుబారి లేపేసి, విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. రెండు చేతుల వెనక భాగాలు ఆనించి మణికట్లు వంచి 60 సెకన్లు పట్టుకుంటే అదే తిమ్మిరి వస్తుంది. చిటికెన, ఉంగరపు వేళ్ళైతే మోచెయ్యి. తొడ బయటివైపు ఒక్కటే మంటైతే బెల్టు బిగువుకి నరం నలిగి ఉండొచ్చు. చోటు మారుతూ, పనిలో పడితే మాయమవుతూ, ఎదురుచూస్తే వచ్చేదైతే టెన్షన్ వైపు మొగ్గు. కాలి చెప్పు జారినా తెలీకపోవడం, చేతిలో గ్లాసు జారడం, తిమ్మిరి పాదాల నుంచి పైకెక్కుతూ పోవడం టెన్షన్ కాదు.

కావలి_ఫార్మసీ:
మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చెయ్యి కాలు ఉన్నట్టుండి పడిపోతే 108, ఊపిరి లెక్కలు కాదు. మూత్రం ఆగి, కూర్చునే చోట స్పర్శ పోయినా అంతే. చర్మం మీద స్పర్శ తెలీని లేతరంగు మచ్చ ఉంటే ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో చూపించాలి, కుష్ఠుకి మందు ఉచితం.

ఇంకోటి. టెన్షన్ అణిచే ఆల్ప్రజోలం బిళ్ళ చీటీ లేకుండా అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అది అప్పటికి అణుస్తుంది, వారాలకే అలవాటవుతుంది, ఆపితే తిమ్మిర్లు రెట్టింపు. యాంగ్జైటీకి రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్ లాంటివి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచుతారు, గుణం కనపడడానికి 2 నుంచి 6 వారాలు. మొదటి వారం గాభరా పెరిగినట్టుంటుంది, అప్పుడే చాలామంది పారేస్తారు. డబ్బు ఇబ్బందున్నవాళ్ళకి ఒంగోలు రిమ్స్, నెల్లూరు పెద్దాసుపత్రి ఉన్నాయి. మానసిక ఆరోగ్యానికి సర్కారు ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

పొదలకూరు_నిమ్మ:
ఇది పనికొచ్చే మాట. బీ12 శాంపిల్ కూడా అదే పెద్దాసుపత్రిలో అడగమని చెప్తా మావాళ్ళకి.

ఒంగోలు_ల్యాబ్:
అడగండి. సూదికి ముందు.

కావలి_ఫార్మసీ:
పెన్నాగట్టు రాసిన 'కరెంటు' సంగతి అందరూ వదిలేశారు. ఎస్సిటాలోప్రామ్ రకం మందు ఉన్నట్టుండి ఆపినవాళ్ళకి తలలో కరెంటు షాకులు తగులుతాయి. అది మళ్ళీ డాక్టరు చెప్పినట్టు మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకోవాల్సింది. నిద్రలోకి జారేటప్పుడు ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపితే మామూలే. మెడ వంచినప్పుడు వెన్ను మీదుగా కాళ్ళల్లోకి జివ్వుమని దిగితే మాత్రం వెన్నుపాము సంగతి, బీ12 లోపంలోనూ అట్టా వస్తుంది, మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాలి. పెన్నాగట్టూ, గడ్డం రొమ్ముకి ఆనిస్తే వస్తుందా, ఊరికే పడుకున్నా వస్తుందా? ఈమధ్య ఏ బిళ్ళన్నా ఆపారా?